కామిక్-కాన్‌కు బయల్దేరుతున్నారా? సందేహాలు - సమాధానాలు

2023 జూలైలో 'ప్రాజెక్ట్ కె' బృందం శాన్ డియేగో కామిక్-కాన్‌కు వెళ్లి, తమ సినిమా పేరు 'కల్కి 2898 ఏడీ' అని అక్కడి వేదిక మీద ప్రకటించింది. ఆ తర్వాత ఈ సంబరం గురించి అడిగే తెలుగువాళ్లు బాగా పెరిగారు. 1970 ఆగస్టులో ఒక హోటల్లో సుమారు 300 మంది కామిక్స్ అభిమానులతో జరిగిన మూడు రోజుల సమావేశం ఇప్పుడు ఏటా 1,30,000 మందికి పైగా చేరే ఉత్సవమైంది. అంత జనంలోకి వెళ్లేటప్పుడు ముందే గట్టిగా ఏర్పాటు చేసుకోవాల్సినవి కొన్ని ఉంటాయి: ప్రవేశం, బస, ప్రయాణ పత్రాలు, నిద్ర. మిగతా సమయాన్ని మనుషుల కోసం ఖాళీగా ఉంచుకోవాలి. ఈసారి వచ్చిన ఉత్తరాలకు నా జవాబులన్నీ ఈ రెండు మాటల చుట్టూనే ఉంటాయి.

టికెట్ ఎక్కడ దొరుకుతుంది?

*మేం ముగ్గురం స్నేహితులం. వచ్చే ఏడాది శాన్ డియేగో వెళ్లాలనుకుంటున్నాం. టికెట్లు ఎప్పుడు కొనాలి? ఆ రోజు గేటు దగ్గర దొరుకుతాయా? - ఎం.ఎస్. విద్యార్థి, డాలస్*

గేటు దగ్గర అమ్మరు. ఈ ఒక్క విషయం తెలియక విమానం టికెట్లు ముందే కొనేసి చిక్కుల్లో పడేవాళ్లుంటారు. ఇక్కడ టికెట్‌ను 'బ్యాడ్జ్' అంటారు. దాన్ని కొనాలంటే ముందుగా కామిక్-కాన్ అధికారిక సైట్లో 'మెంబర్ ఐడీ' తీసుకోవాలి. ఇది ఉచితమే. కానీ అమ్మకానికి చాలా రోజుల ముందే కొత్త ఐడీలు ఇవ్వడం ఆపేస్తారు కాబట్టి ముగ్గురూ ఈ వారమే తీసుకోండి.

అమ్మకం రెండు విడతలుగా జరుగుతుంది. మొదటిది ఇదివరకు వెళ్లి అర్హత ఉన్నవాళ్లకు, రెండోది అందరికీ. మీకు వర్తించేది రెండోది. ఆ రోజు ఆన్‌లైన్ వెయిటింగ్ రూమ్ తెరుస్తారు. గడువులోపు లోపలికి వచ్చినవాళ్లను లాటరీ పద్ధతిలో వరసపెడతారు. తెల్లవారుజామున లేచి ముందు కూర్చున్నా, ఆఖరి నిమిషాల్లో వచ్చినా అవకాశం ఒకటే. ఒకరికి వంతు వస్తే తనతోపాటు మరో ఇద్దరికి కొనవచ్చు. అంటే మీ ముగ్గురిలో ఎవరికి తగిలినా ముగ్గురి పనీ అయిపోతుంది. అందుకే ఒకరి ఐడీ, ఇంటిపేరు మరొకరి దగ్గర రాసి ఉంచుకోండి. మీ వంతు వచ్చాక వాటి కోసం ఫోన్లు చేసుకుంటూ కూర్చునే వ్యవధి ఉండదు.

గురువారం నుంచి ఆదివారం వరకూ విడివిడి రోజుల బ్యాడ్జ్‌లు ఉంటాయి. బుధవారం సాయంత్రం జరిగే ప్రివ్యూ నైట్, శనివారం ముందుగా అయిపోతాయి. ఆదివారం బ్యాడ్జ్‌లు కాస్త ఎక్కువసేపు దొరుకుతాయి. నాలుగు రోజులూ దొరకకపోతే నిరాశపడకండి. రెండు రోజులు నింపాదిగా తిరిగినా మనసు నిండుతుంది.

బ్యాడ్జ్ మీ పేరు మీదే ఉంటుంది, ఇంకొకరికి బదిలీ కాదు. 'నా దగ్గర ఒకటి మిగిలింది, డబ్బు పంపండి' అని ఎవరు సందేశం పెట్టినా నమ్మవద్దు.

వీసా ముందా, బ్యాడ్జ్ ముందా?

*నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. ఇండియా నుంచి నేరుగా కామిక్-కాన్ కోసమే వెళ్లాలని చిరకాల కోరిక. ఏ వరసలో ఏర్పాట్లు చేసుకోవాలి? - ఒక పాఠకుడు, కొండాపూర్*

వీసాతో మొదలుపెట్టండి. మీకు కావాల్సింది బీ1/బీ2 సందర్శక వీసా. భారతీయులకు ఇది మామూలుగా పదేళ్ల కాలానికి, ఎన్నిసార్లయినా వెళ్లివచ్చేలా ఇస్తారు. ఇంటర్వ్యూ తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. కాబట్టి వచ్చే జూలై అని ముడిపెట్టుకోకుండా ముందు వీసా తీసుకోండి, ఆ తర్వాత వచ్చే మొదటి అమ్మకంలో బ్యాడ్జ్‌కు ప్రయత్నించండి. ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పండి. ఫలానా ఉత్సవం చూసి, ఇన్ని రోజులుండి, ఫలానా తేదీకి తిరిగొచ్చి ఉద్యోగంలో చేరతాను అంటే చాలు. అభిమానం కోసం అంత దూరం వెళ్లడంలో దాచాల్సింది ఏమీ లేదు.

అమెరికా చిరునామా ఉన్నవాళ్లకు బ్యాడ్జ్ పోస్టులో వస్తుంది. విదేశాల నుంచి వచ్చేవాళ్లు అక్కడే తీసుకోవాలి. పాస్‌పోర్టుతోపాటు నిర్ధారణ పత్రాన్ని కాగితం మీద అచ్చు తీసి ఉంచుకోండి. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయినా కాగితం పనికొస్తుంది.

హైదరాబాద్ నుంచి శాన్ డియేగోకు నేరుగా విమానం లేదు. లాస్ ఏంజెలెస్‌లో దిగితే అక్కడి యూనియన్ స్టేషన్ నుంచి 'పసిఫిక్ సర్ఫ్‌లైనర్' రైలు మూడు గంటల్లో శాన్ డియేగో నడిబొడ్డున ఉన్న శాంటా ఫే డిపోకు చేరుస్తుంది. దారిలో చాలాసేపు సముద్రం పక్కనే వెళ్తుంది. ఎలా వెళ్లినా మంగళవారానికి ఊరు చేరండి. పన్నెండు గంటలకు పైగా ఉండే కాలం తేడాతో నేరుగా జనంలో దిగితే, మొదటి రోజు ఏం చూశారో మీకే గుర్తుండదు.

తెలియనివాళ్లతో గది పంచుకోవచ్చా?

*హోటల్ ధరలు చూస్తే గుండె గుభేలుమంది. ఆన్‌లైన్‌లో పరిచయమైన ఇద్దరమ్మాయిలు గది పంచుకుందామంటున్నారు. ఇంట్లో ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి? - ఉద్యోగిని, సియాటిల్*

ముందు ధరల సంగతి. కామిక్-కాన్ నిర్వాహకులే చాలా హోటళ్లతో మాట్లాడి తక్కువ ధరకు గదులు ఇప్పిస్తారు. బ్యాడ్జ్ ఉన్నవాళ్లకు ఆ అమ్మకం వేరుగా జరుగుతుంది. కన్వెన్షన్ సెంటర్ పక్కనే గది దొరకాలని పట్టుబట్టకండి. ఉత్సవం రోజుల్లో హోటళ్ల మధ్య ఉచిత బస్సులు తిరుగుతాయి. కాస్త దూరంగా ఉన్న మిషన్ వ్యాలీ హోటళ్లలో దిగినా ట్రాలీ గ్రీన్ లైన్ ఎక్కితే కన్వెన్షన్ సెంటర్ ముందే దింపుతుంది.

ఇక గది పంచుకోవడం. కామిక్-కాన్‌లో అది మామూలే, చక్కటి స్నేహాలు అలాగే మొదలవుతాయి. మీ ఇంట్లోవాళ్ల భయంలోనూ న్యాయం ఉంది. ఒప్పుకునే ముందు ముగ్గురూ వీడియో కాల్‌లో ఒకటికి రెండుసార్లు మాట్లాడుకోండి. అసలు పేర్లు, ఉండే ఊరు, ఇంట్లో ఒకరి ఫోన్ నంబరు ఇచ్చిపుచ్చుకోండి. దీనికి ఇష్టపడని మనిషితో గది వద్దు. తర్వాత ఈ నాలుగూ రాతపూర్వకంగా తేల్చుకోండి: గది ఎవరి పేరు మీద ఉంది, ఎవరైనా ఆఖర్లో మానుకుంటే ఆ వాటా ఎవరు కట్టాలి, రాత్రి ఎన్నింటికి లైట్లు తీసేయాలి, బయటివాళ్లను గదికి తీసుకురావచ్చా. మొహమాటంతో అడగని ప్రశ్నలే తర్వాత గొడవలవుతాయి.

మొదటిసారి కలిసేది గదిలో కాకుండా జనం ఉండే కాఫీ షాపులోనో, హోటల్ లాబీలోనో పెట్టుకోండి. మనసు ఒప్పకపోతే వెనక్కి తిరిగేలా, రద్దు చేసుకునే వీలున్న గది ఒకటి ఉత్సవం దగ్గరపడే దాకా చేతిలో ఉంచుకోండి. మీ గది నంబరును అక్కడి క్యూల్లో పరిచయమైనవాళ్లకు చెప్పకండి. ఈ ఏర్పాట్లన్నీ మీ అమ్మానాన్నలకు చూపించి మాట్లాడండి. 'ఏం కాదులే' అన్న మాట కంటే వాళ్లకు ఇవే ఎక్కువ ధైర్యమిస్తాయి.

హాల్ హెచ్ కోసం రాత్రంతా నిలబడాలా?

*పెద్ద సినిమాల ప్రకటనలన్నీ హాల్ హెచ్‌లోనే అంటారు. దాని కోసం రాత్రి రోడ్డు మీద పడుకోవాలని విన్నాను. అంత అవసరమా? - ఐటీ ఉద్యోగి, ఫ్రీమాంట్*

హాల్ హెచ్‌లో ఆరు వేలకు పైగా సీట్లున్నాయి. వచ్చేవాళ్లు లక్షకు పైనే. ఒక కార్యక్రమం అయ్యాక హాలు ఖాళీ చేయించరు కాబట్టి, పొద్దున్నే కూర్చున్నవాళ్లు సాయంత్రం దాకా కదలకుండా ఉండవచ్చు. మరునాటి మొదటి కార్యక్రమానికి ముందురోజే చేతికి రంగు పట్టీలు కడతారు. తిరుమలలో టోకెన్ చేతికొచ్చాక మనసు ఎలా కుదుటపడుతుందో, ఆ పట్టీ కట్టించుకున్నాక అలాగే ఉంటుంది. కానీ చెప్పిన వేళకు మళ్లీ వరసలోకి రాకపోతే ఆ పట్టీకి విలువ లేదు.

మీకు ప్రాణప్రదమైన కార్యక్రమం ఒకటుంటే, దాని కోసం ఒక్క రాత్రి వెచ్చించండి. నాలుగు రాత్రులూ అక్కర్లేదు. కార్యక్రమాల పట్టిక రెండు వారాల ముందు ఒక్కో రోజుదీ విడుదలవుతుంది. అప్పుడు ముగ్గురు నలుగురు కూర్చుని 'దీనికి తప్పక వెళ్లాలి' అన్నది రోజుకు ఒకటే గీతపెట్టుకోండి. గురువారం, ఆదివారం మధ్యాహ్నాల్లో ఒక్కోసారి నేరుగా నడిచి వెళ్లినా చోటు దొరుకుతుంది.

వరసలో నిలబడేవాళ్లకు ఒక మాట. అది అఖాతం పక్కన ఉన్న చోటు. జూలై అయినా రాత్రి చలిగాలి కొడుతుంది. పలచటి స్వెట్టరు, కింద పరుచుకోవడానికి దుప్పటి, ఫోన్‌కు పవర్ బ్యాంకు, నీళ్ల సీసా ఉండాలి. వరసలో గడిపే ఆ రాత్రిని వృథా అనుకోవద్దు. కామిక్-కాన్ మొత్తంలో మనుషులు తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునేది అక్కడే. రాత్రి ఎనిమిదింటికల్లా మన ముందూ వెనకా ఉన్నవాళ్ల పేర్లు తెలుస్తాయి. పదకొండింటికి పేకముక్కలు బయటికొస్తాయి. ఒంటిగంటకు ఒకరి సామాను ఒకరు చూసుకుంటూ వంతులవారీగా కునుకు తీస్తారు. తెల్లారి వరస కదిలేసరికి అందరూ ఒక్క బృందంగా నడుస్తారు. లోపల తెర మీద వేసే దృశ్యాలను మాత్రం ఫోన్‌లో తీయకండి. అది నిషిద్ధం, బయటికి పంపిస్తారు.

ఒంటరిగా వెళ్తే మాట్లాడేవాళ్లుంటారా?

*నాకు సిగ్గు, కొత్తవాళ్లతో మాట కలపలేను. ఇంగ్లీషు కూడా తడబడుతుంది. నా స్నేహితులెవరికీ కామిక్స్ పిచ్చి లేదు. ఒక్కడినే వెళ్లి నాలుగు రోజులు మూగవాడిలా తిరిగి వస్తానేమో అని భయం. - పరిశోధక విద్యార్థి, ఫీనిక్స్*

మీలాంటివాళ్ల కోసమే ఈ సంబరం పుట్టింది. తమ ఊళ్లో, తమ తరగతిలో, తమకు ఇష్టమైన దాని గురించి మాట్లాడే మనిషి దొరకనివాళ్లే మొదట్లో ఇక్కడికి చేరారు. ఇప్పటికీ సగం మంది మీలాగే లోపల బిడియపడుతూ ఉంటారు. అందుకే ఇక్కడ మాట కలపడం పెళ్లి రిసెప్షన్లోనో, ఆఫీసు విందులోనో కన్నా సులువు. ఎదుటి మనిషి దేన్ని ప్రేమిస్తాడో అతని చొక్కా మీదే రాసి ఉంటుంది.

మొదటి మాట ఎదురుగా ఉన్న వస్తువు గురించి ఉండాలి. 'ఈ బ్యాడ్జి పిన్ను ఎక్కడ దొరికింది?', 'ఈ కవచం మీరే చేశారా? ఎన్నాళ్లు పట్టింది?', 'ఈ రచయితవి మొదట ఏది చదవమంటారు?' ఇలాంటి ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబివ్వలేరు, తప్పకుండా కథ చెబుతారు. మీరు వింటే చాలు. మీ ఇంగ్లీషు తడబడినా ఎవరూ పట్టించుకోరు. పాత్ర పేరు, సంచిక నంబరు సరిగ్గా చెప్పారంటే మీ ఉచ్చారణ ఏదైనా వాళ్ల కళ్లు మెరుస్తాయి.

మన దగ్గర చనువుగా అడిగే కొన్ని ప్రశ్నలు అక్కడ మొదటి రోజు అడగకూడదు. ఏం ఉద్యోగం, జీతమెంత, పెళ్లయిందా, ఏ వీసా మీద ఉన్నారు - ఇవి ఆత్మీయతతో అడిగినా వాళ్లకు సోదా చేసినట్టుంటుంది. వాళ్లకు నచ్చిన సినిమాను తీసిపారేయడం, చూడని కథ ముగింపు చెప్పేయడం కూడా వద్దు. అక్కడ తోటి తెలుగువాళ్లు కనిపిస్తే సంతోషమే, కలిసి భోంచేయండి. కానీ నాలుగు రోజులూ ఆ గుంపులోనే ఉండిపోతే వెళ్లిన పని సగమే అవుతుంది.

మాటకంటే చేతిపని సులువనిపించేవాళ్లకు దారులున్నాయి. సాయంత్రాలు పక్క హోటల్లో బల్ల మీద ఆడే ఆటల గది ఉంటుంది. నలుగురు కావాల్సిన ఆటకు ముగ్గురే ఉంటే మిమ్మల్ని వాళ్లే పిలుస్తారు. ఏటా రాబర్ట్ హైన్‌లైన్ పేరుతో రక్తదాన శిబిరం నడుస్తుంది. ఈ సైన్స్ ఫిక్షన్ రచయిత పేరుతో అది 1970ల నుంచి వస్తున్న సంప్రదాయం. అక్కడ పక్క కుర్చీలో రక్తం ఇస్తున్న మనిషితో మాట కలపడానికి సాకు అక్కర్లేదు. ఒకే కథను ప్రేమించే అభిమాన సంఘాల సమావేశాలు కార్యక్రమాల పట్టికలోనే ఉంటాయి. వాటిలో రోజుకు ఒకటి ఎంచుకోండి.

ఇంకో సంగతి. చిన్న కార్డులు ఒక యాభై అచ్చు వేయించుకోండి. పేరు, సంప్రదించే ఖాతా, ఇష్టమైన మూడు కామిక్స్. అంతే. ఉద్యోగం, హోదా వద్దు. మాట్లాడటం అయ్యాక అది చేతిలో పెట్టి, 'రేపు మధ్యాహ్నం రెండింటికి ఆర్టిస్ట్స్ అల్లీ (చిత్రకారుల బల్లలుండే చోటు) దగ్గరుంటాను, వీలైతే రండి' అని సమయం, చోటు చెప్పండి. 'మళ్లీ కలుద్దాం' అని వదిలేస్తే లక్ష మందిలో మళ్లీ కలవడం జరగదు.

తినుబండారాలు స్నేహానికి మంచి దారే. మనవాళ్లు పులిహోర పొట్లాలు కట్టుకెళ్తారు. పంచేముందు తప్పక చెప్పాల్సింది అందులోని వేరుశనగపప్పు సంగతి. అక్కడ కొందరికి వేరుశనగ ఒక్క పలుకు తగిలినా ప్రాణం మీదికొస్తుంది. 'ఇందులో పల్లీలున్నాయి, మీకు పడతాయా?' అని అడిగాకే డబ్బా మూత తీయండి. పల్లీ కలవని జంతికలు, చేగోడీలు పట్టుకెళ్తే నయం, అయినా దేంతో చేశారో చెప్పే ఇవ్వండి.

దేవసేన వేషం, చేతిలో కత్తి

*'బాహుబలి'లో దేవసేన వేషం వేసుకోవాలని కుట్టించుకుంటున్నాను. కత్తి పట్టుకెళ్లనిస్తారా? ఫొటోల పేరుతో మీద చేతులు వేస్తారని అమ్మ భయపడుతోంది. - డిగ్రీ విద్యార్థిని, శాన్ హోసే*

తప్పకుండా వేసుకోండి. బ్యాట్‌మన్‌లు, స్పైడర్‌మన్‌లు వందల్లో కనిపించే చోట దేవసేన నడుస్తుంటే ఆగి చూడనివాళ్లుండరు. ఆ పాత్ర ఎవరు, కథేమిటి అని అడుగుతారు. రెండు వాక్యాల్లో చెప్పేలా ముందే సిద్ధం చేసుకోండి.

కత్తి లోహంతో ఉండకూడదు, పదును ఉండకూడదు. చెప్పుల్లో, చాపల్లో వాడే ఈవీఏ ఫోమ్ షీటుతో చేసి, రంగు వేసుకోండి. తేలిగ్గానూ ఉంటుంది, ఎవరికి తగిలినా గాయం కాదు. ఆయుధంలా కనిపించే ప్రతి వస్తువునూ లోపల తనిఖీ చేసి గుర్తు కడతారు. నిజంగా పనిచేసే ఆయుధం ఏదీ తీసుకురాకూడదు. విమానంలో వెళ్తే కత్తిని చేతిసంచిలో కాకుండా లగేజీలో వేయండి.

పట్టుబట్టతో ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు కుచ్చెళ్లు, పైట కొంగు మెట్ల సందుల్లో పడకుండా పైకి దోపుకోండి. పిన్నులు, సూది, దారం, పొడవాటి టేపు ఉన్న చిన్న సంచి మీతో ఉండాలి. ఇలాంటి సంచి ఉన్న అమ్మాయి దగ్గరికి ఊడిపోయిన రెక్కలతో, తెగిన పట్టీలతో మిగతా వేషధారులు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆ సాయంతోనే పరిచయాలు కుదురుతాయి. శనివారం సాయంత్రం మాస్కరేడ్ అనే వేషాల పోటీ జరుగుతుంది. ఈసారి ప్రేక్షకురాలిగా చూడండి.

మీ అమ్మగారి భయానికి జవాబు: వేషం వేసుకున్నంత మాత్రాన ఎవరికీ ముట్టుకునే హక్కు రాదని అక్కడ స్పష్టమైన నియమం ఉంది. ఫొటో తీయాలంటే అడగాలి, భుజం మీద చెయ్యి వేయాలన్నా అడగాలి. మీకిష్టం లేకపోతే 'వద్దు' అని గట్టిగా చెప్పండి, నవ్వుతూ చెప్పాల్సిన పని లేదు. ఎదుటివాడు వినకపోతే దగ్గర్లోని భద్రతా సిబ్బందికి చెప్పండి. నడిచే దారి మధ్యలో కాకుండా గోడ పక్కకు జరిగి ఫొటోలిస్తే తోపులాట ఉండదు. వేషంలో ఉన్నప్పుడు వెంట ఒక స్నేహితురాలు ఉండటం మంచిది. ముసుగు, కిరీటం వల్ల మీకు కనపడనిది ఆమె చూస్తుంది.

అరవై దాటినవాళ్లు రావచ్చా?

*మా అబ్బాయి, పదేళ్ల మనవడు నన్ను కూడా తీసుకెళ్తామంటున్నారు. మోకాళ్ల నొప్పులున్నాయి. చిన్నప్పుడు 'చందమామ' బొమ్మల కోసం పడిచచ్చేవాణ్ని. నాకు అక్కడ చూడటానికేముంటుంది? - విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి (ప్రస్తుతం ఇర్వైన్)*

మాస్టారూ, నిస్సంకోచంగా వెళ్లండి. బొమ్మల కథల మీద మీకున్న ప్రేమే ఈ ఉత్సవానికి పునాది. ప్రదర్శన శాలలో ఎ హాలు వైపు పాత కామిక్స్ అమ్మేవాళ్లుంటారు. ప్లాస్టిక్ తొడుగుల్లో భద్రంగా ఉంచిన ఎనభై ఏళ్లనాటి పుస్తకాల గురించి అడిగితే ఓపిగ్గా చెబుతారు. శుక్రవారం రాత్రి ఐస్నర్ అవార్డుల సభ జరుగుతుంది. 1988 నుంచి ఇస్తున్న ఈ పురస్కారాలు కామిక్స్ రంగంలో అత్యున్నతమైనవి. హాల్ హెచ్ తాకిడి లేకుండా ఆ కళను గౌరవించేవాళ్లంతా ఒకచోట కనిపిస్తారు.

మోకాళ్ల సంగతి వెళ్లగానే చూసుకోండి. ఎక్కువసేపు నిలబడలేనివాళ్లకు సాయపడే ప్రత్యేక విభాగం ఉంది. అక్కడ నమోదు చేసుకుంటే వరసలో నిలబడే బాధ చాలా తగ్గుతుంది. శాలలో గచ్చు గట్టిది కాబట్టి మెత్తటి అడుగున్న పాత బూట్లే వేసుకోండి. ఉదయం రెండున్నర గంటలు, సాయంత్రం ఇంకో గంటన్నర. మీకు అంతే చాలు. పన్నెండేళ్లు, అంతకంటే తక్కువ వయసున్న పిల్లలకు, బ్యాడ్జ్ ఉన్న పెద్దవాళ్లతో వస్తే ప్రవేశం ఉచితం. మనవడి జేబులో మీ అబ్బాయి ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి. తప్పిపోతే ఎక్కడ నిలబడాలో లోపలికి వెళ్లగానే చూపించండి.

శాకాహారం లోపల తక్కువ, ధర ఎక్కువ. దగ్గర్లోని రాల్ఫ్స్ దుకాణంలో పండ్లు, పెరుగు, రొట్టె దొరుకుతాయి. మన భోజనమే కావాలంటే ఊరికి ఉత్తరాన మీరా మెసా వైపు వెళ్లాలి. అభిమానుల్లో ఒక పాత నియమం ఉంది: రోజుకు కనీసం ఐదు గంటల నిద్ర, రెండు భోజనాలు, ఒక స్నానం. కుర్రాళ్లకు చెప్పిన నియమమే అయినా మీ ముగ్గురూ దాన్ని మించే పాటించండి. మందులు, మాస్కు దగ్గరుంచుకోండి. అంత జనంలోంచి వచ్చాక జలుబు, జ్వరం పట్టుకోవడం మామూలు.

నా బొమ్మలు ఎవరికి చూపించాలి?

*బొమ్మలు వేస్తాను. కామిక్స్ రంగంలోకి రావాలని ఉంది. అక్కడ పెద్ద ఆర్టిస్టులను కలిసి నా పని చూపించవచ్చా? - యానిమేషన్ విద్యార్థి, లాస్ ఏంజెలెస్*

చూపించడానికి తగిన చోటు పోర్ట్‌ఫోలియో రివ్యూ. ప్రచురణ, యానిమేషన్ సంస్థల ప్రతినిధులు బల్లల దగ్గర కూర్చుని కొత్తవాళ్ల పని చూస్తారు. విడి బొమ్మలు ఇరవై కంటే, ఒకే కథను నడిపించే నాలుగు వరస పేజీలు మేలు. మాటలు చదవకుండానే కథ అర్థమవుతోందా అన్నదే వాళ్లు చూస్తారు. సలహా ఇస్తుంటే వాదించకండి, రాసుకోండి.

ఆర్టిస్ట్స్ అల్లీలో బల్ల వెనక కూర్చున్న చిత్రకారుడికి అది బతుకుదెరువు. ముందు ఆయన పుస్తకం కొనండి, ఏ పేజీ ఎందుకు నచ్చిందో చెప్పండి. వెనక కొనేవాళ్లు నిలబడితే పక్కకు తప్పుకోండి. రద్దీ తగ్గాక, 'ఒక్క పేజీ చూస్తారా?' అని అడగండి. ఆ పక్కనే మీ ఈడు చిత్రకారులు కూడా వాళ్ల సంచులతో తిరుగుతుంటారు. రేపు మీతో కలిసి పనిచేసేది వాళ్లే కావచ్చు కాబట్టి పెద్దల సంతకాలతోపాటు వాళ్ల పేర్లు కూడా రాసుకోండి.

కారులో వెళ్తే కాగితాలు కావాలా?

*ఎఫ్-1 మీద ఉన్నాం. లాస్ ఏంజెలెస్ నుంచి కారులో వెళ్లొద్దామనుకుంటున్నాం. దేశంలోనే కదా, పాస్‌పోర్టులు అవసరమా? - విద్యార్థుల బృందం*

అవసరం. దూరం సుమారు 120 మైళ్లే అయినా, తిరిగి వచ్చేటప్పుడు ఐ-5 రహదారి మీద శాన్ క్లెమెంటే దగ్గర బోర్డర్ పెట్రోల్ తనిఖీ కేంద్రం ఉంది. అందరూ పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 ప్రతి దగ్గరుంచుకోండి. ఊళ్లో ట్రాలీ బ్లూ లైన్ దక్షిణం వైపు ఎక్కితే ఆఖరి స్టేషన్ శాన్ ఇసీడ్రో. అది మెక్సికో సరిహద్దు. కొత్త మిత్రులు సరదాగా 'తిహువానా వెళ్లొద్దాం' అంటే వాళ్ల పాస్‌పోర్టు వేరు, మీది వేరని గుర్తుంచుకోండి. మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని ముందే అడగకుండా గేటు దాటవద్దు.

ఇంటికొచ్చాక ఆ స్నేహాలు నిలుస్తాయా?

*పోయినేడు వరసలో ఐదుగురు పరిచయమయ్యారు. ప్రాణస్నేహితుల్లా తిరిగాం. నెల తిరిగేసరికి మాటలు ఆగిపోయాయి. మళ్లీ కలపడమెలా? - ఒక పాఠకురాలు, ఆస్టిన్*

మీరే ముందు రాయండి. ఐదుగురికీ కలిపి 'హలో' పెడితే ఎవరూ బదులివ్వరు. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్లు చెప్పిన విషయం గుర్తుచేస్తూ రాయండి. 'మీరు చెప్పిన పుస్తకం చదివాను, మూడో భాగం దగ్గర ఆగలేకపోయాను' అంటే జవాబు రాకుండా ఉండదు. తర్వాత నెలకోసారి అందరూ ఒకే పుస్తకం చదివి గంటసేపు మాట్లాడుకునే ఏర్పాటు చేసుకోండి. అక్కడ మిమ్మల్ని కలిపింది కథలే కాబట్టి ఇక్కడా వాటినే మధ్యలో పెట్టాలి. బ్యాడ్జ్‌ల అమ్మకం నాడు ముగ్గురేసి జట్లుగా ఒకరి కోసం ఒకరు ప్రయత్నించండి. ఆరుగురికీ అవకాశం పెరుగుతుంది, మళ్లీ కలవడానికి కారణమూ దొరుకుతుంది.

బ్యాడ్జ్ దొరకలేదు, అమెరికా వెళ్లే స్తోమతా లేదు

*ఇవన్నీ చదువుతుంటే ఆశగా ఉంటుంది. మాలాంటివాళ్లకు దారేది? - ఇంటర్ విద్యార్థి, వరంగల్*

మీకు హైదరాబాద్ ఉంది. 2011లో ఢిల్లీలో మొదలైన కామిక్ కాన్ ఇండియా 2013 నుంచి హైదరాబాద్‌కూ వస్తోంది. ఈమధ్య ఏళ్లలో హైటెక్స్‌లో చలికాలం మొదట్లో జరుగుతోంది. వరంగల్ నుంచి పొద్దున రైలెక్కితే రాత్రికి ఇల్లు చేరొచ్చు. టికెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, వీసా అక్కర్లేదు, భాష మనది. భారతీయ కామిక్స్ గీసేవాళ్లు అక్కడ బల్లల వెనక కూర్చుని ఉంటారు. శాన్ డియేగోలో అయితే వరసలో అరగంట నిలబడితే గానీ కలవలేని మనిషితో, ఇక్కడ పది నిమిషాలు తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి, తోడుగా ఒకరిని తీసుకెళ్లండి. ఖర్చుకు ఒక లెక్క వేసుకోండి: దారి ఖర్చు, టికెట్, భోజనం, ఒక పుస్తకం. వేషం ఇష్టమైతే అట్టముక్కలు, ఫోమ్ షీటు, అమ్మ పాత చీరతో చేసుకోవచ్చు. సొంతంగా చేసుకున్నదానికే అక్కడ ఎక్కువ గౌరవం. పైన ఫీనిక్స్ మిత్రుడికి చెప్పినదంతా మీకూ వర్తిస్తుంది. ఎదుటివాళ్లు చేసినదాని గురించి అడగండి, విని గుర్తుపెట్టుకోండి, మళ్లీ కలిసే చోటు చెప్పి రండి. వరంగల్‌లో మీలా కామిక్స్ చదివేవాళ్లు ఇంకో పదిమంది తప్పకుండా ఉంటారు. వాళ్లు మీకు హైటెక్స్‌లోనే ఎదురుపడవచ్చు. ఎదురుపడితే తిరుగు రైల్లోనే నెలవారీ సమావేశం తేదీ ఖాయం చేసుకోండి.